నిబ్బరం వేరు, తలరాత వేరు

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను కుదిపేసింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. వేటకు వెళ్లి ఇల్లు చేరని మత్స్యకారులు వారిలో ఎందరో. తెల్లారి చూస్తే ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు మొవ్వులు విరిగిన మోళ్లు, వేళ్లతో సహా ఒరిగిన చెట్లు. వరి పోతే వచ్చే సార్వాకు మళ్లీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి అలా కాదు. మొక్క పెట్టాక తొలి దింపు చూడాలంటే ఐదారేళ్లైనా ఆగాలి. నిండు కాపుకు అంతకంటే ఎక్కువే పడుతుంది. మళ్లీ గాలివాన రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అయినా ఒరిగిన చెట్టు తీయించి, ఆ పక్కనే గొయ్యి తవ్వి మొక్క నాటిన రైతుల వల్లే కోనసీమ మళ్లీ పచ్చబడింది.

ఆ పని వెనుక ఉన్న ఆలోచన గ్రీకు, రోమన్ తత్వవేత్తల దగ్గరా ఉంది. దాదాపు 2,300 ఏళ్ల కిందట సైప్రస్ వర్తకుడు జీనో ఓడ మునిగి సరుకంతా పోగొట్టుకుని ఏథెన్స్ చేరాడని చెబుతారు. అక్కడ చదువుకుని, బొమ్మలు గీసిన ఒక మండపంలో పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. గ్రీకులో మండపాన్ని స్టోవా అంటారు. ఆయన బాటన నడిచినవారు స్టోయిక్‌లయ్యారు. తర్వాతి కాలంలో రోమ్‌లో బానిసగా బతికి, తత్వవేత్తగా ఎదిగిన ఎపిక్టెటస్ ఆ పాఠాన్ని రెండు ముక్కల్లోకి తెచ్చాడు: మన చేతిలో ఉన్నవేవో, లేనివేవో విడదీసి చూడమన్నాడు. విలుకాడు గురి చూడగలడు, నారి లాగగలడు. బాణం చేయి దాటాక గాలి అతని మాట వినదు. మొక్క పెట్టిన కోనసీమ రైతు చేసింది సరిగ్గా ఇదే.

తెలుగులో దీనికి చక్కని మాట ఉంది, నిబ్బరం. కానీ చావింట్లో ఆ మాటను మనం రెండు రకాలుగా పాడుచేస్తున్నాం.

మొదటిది, గుండె రాయి చేసుకోమనడం. తండ్రి పాడె లేవకముందే కొడుకును పట్టుకుని, మగాడివి, నువ్వే ఏడిస్తే ఎలా అంటారు. స్టోయిక్‌లు అలా అనలేదు. కుర్రవాడైన మార్కస్ అరీలియస్ తనను పెంచిన గురువు పోయాడని ఏడుస్తుంటే, రాజమందిరంలోని వాళ్లు ఆపబోయారట. ఆ పిల్లవాణ్ని మనిషిలా ఉండనివ్వండి అని వారించినవాడు అప్పటి చక్రవర్తి ఆంటొనైనస్. ఆ మార్కసే తర్వాత చక్రవర్తి అయ్యాడు, స్టోయిక్ తత్వానికి పెద్ద పేరయ్యాడు, కన్నబిడ్డల్లో సగానికి పైగా పోగొట్టుకున్నాడు. ఏడుపును కాదనకుండానే ఆయన మర్నాటి పనికి లేచాడు.

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం, రాజ్యలక్ష్మమ్మ దంపతులు బతికిన తీరూ అలాంటిదే. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలి వేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. రాజ్యలక్ష్మమ్మ బిందె తీసుకుని తానే గోదావరికి నడిచారు. ఊరి మనసు మార్చడం ఆ పూట ఆమె చేతిలో లేదు. పెళ్లివారికి నీళ్లు, అన్నం సమకూర్చడం ఆమె చేతిలో ఉంది. 1910లో ఆమె పోయారు. చిన్ననాటి నుంచీ ఉబ్బసంతో బాధపడిన వీరేశలింగం ఆ తర్వాత మరో తొమ్మిదేళ్లు బతికారు, కలం కింద పెట్టలేదు.

రెండో తప్పు మరీ ప్రమాదకరమైనది. జరిగినదంతా తలరాత ఖాతాలో రాసేయడం. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో ఉన్నది 77 మంది. బతికి బయటపడినవారు 26 మంది. వారిని నాటుపడవలు వేసుకుని ఒడ్డుకు చేర్చింది దగ్గరి గిరిజన గ్రామాలవాళ్లు. బోటును పైకి లాగడానికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అక్టోబరు 22న గానీ వీలు చిక్కలేదు. అన్ని రోజులూ తమవారి ఆనవాలు కోసం గట్టున కాచుకున్న మనిషితో రాత అలా ఉంది అనడం ఓదార్పు కాదు. నదికి వరద రావడం ఎవరి చేతిలోనూ లేదు. అంత వరదలో బోటును కదలనివ్వాలా వద్దా అన్నది మనుషుల చేతిలోనే ఉంది.

చేతిలో లేనిదనుకున్న సంగతి చేతిలోకి రావడం డెల్టాకు కొత్త కాదు. కరవు దైవాధీనమని ఊరుకున్న నేల మీదే కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. అలా కలిసొచ్చిన నేలలో ఇప్పటి పాలకులు, అధికారులు తలరాత చాటున నిలబడటం తగదు.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. 2015 జులై 14న, మొదటి రోజునే, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. ఏ రేవుకు ఎంతమందిని పంపాలి, వచ్చే దారి ఏది, వెళ్లే దారి ఏది, గేట్లు ఎప్పుడు తెరవాలి అన్న లెక్కలు ముందే తేల్చి ఊరూరా చెప్పాలి. ఆ రోజు తల్లినో, భార్యనో పోగొట్టుకున్నవాళ్లు ఈసారి వాళ్ల పేరు మీద పిండం పెట్టడానికి అవే మెట్లు దిగుతారు.