పన్ను గట్టిదే... కింద ఎముకో?

'వయసైపోయింది, పళ్లు కదలక ఏం చేస్తాయి?' పెద్దవాళ్లున్న ఇళ్లలో తరచూ వినిపించే మాటే. ఇంట్లోవాళ్లూ నిజమేననుకుని ఊరుకుంటారు. కానీ పన్ను కదలటానికి వయసు ఒక్కటే కారణం కావటం అరుదు. చాలాసార్లు ఆ పన్నులో పుచ్చు కూడా ఉండదు. తేడా వచ్చింది దాన్ని పట్టుకుని ఉన్న ఎముకలో!

పన్ను దవడలో మేకులా దిగి బిగుసుకుపోయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎముకకు అతుక్కుని ఉండదు. దవడ ఎముకలో ప్రతి పన్నుకూ ఓ గూడు ఉంటుంది. పంటి వేరు మీద సిమెంటమ్ అనే పలుచటి పొర ఉంటుంది. ఈ పొరకూ గూటి గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో దాదాపు ఐదో వంతు. అందులో సన్నటి పీచుతాళ్లు వేలకొద్దీ ఉంటాయి. వాటి ఒక కొస సిమెంటమ్‌లో, మరో కొస ఎముకలో పాతుకుని ఉంటుంది. చెరకు నమిలినా, జంతిక కొరికినా ఆ ఒత్తిడిని మోసేది ఈ ఉయ్యాలే. అందుకే ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా కంటికి తెలియనంతగా కదులుతూనే ఉంటుంది. అది జబ్బేం కాదు.

ఈ గూటి ఎముకది చిత్రమైన స్వభావం. పంటితోపాటే పుడుతుంది, పన్ను పోతే తనూ తగ్గిపోతుంది. బతికినన్నాళ్లూ ఒకపక్క కరుగుతూ, మరోపక్క కొత్తగా తయారవుతూ ఉంటుంది. పిల్లల ఎత్తుపళ్లకు వేసే క్లిప్పులు పనిచేసేది ఈ గుణం వల్లే. పన్ను ఏ వైపు జరుగుతుంటే ఆ వైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక వస్తుంది. మరి పంటి వేరు ఎందుకు కరిగిపోదు? సిమెంటమ్ ఎముక కన్నా మొండిది కాబట్టి. అయితే మరీ బలంగా లాగితే వేరు కొస కూడా కొంత అరిగి పొట్టిదైపోవచ్చు. 'పెళ్లిచూపుల్లోగా అయిపోవాలి' అంటూ డాక్టర్‌ను తొందరపెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

సిమెంటమ్‌లో రక్తనాళాలు ఉండవు. అయినా అది జీవితాంతం పొరపొరగా పేరుకుంటూనే ఉంటుంది. పదేళ్ల వయసులో ఉన్నదానికి డెబ్భై అయిదేళ్లు వచ్చేసరికి దాదాపు మూడింతల మందమవుతుంది. ముఖ్యంగా వేరు కొసన. నమిలి నమిలి పైన అరిగిపోయే ఎత్తును కొంతవరకు ఇలా కింద నుంచి భర్తీ చేసుకుంటుందన్నమాట. చెట్టు కాండంలోని వలయాల్లా కనిపించే ఈ పొరలను లెక్కపెట్టి అడవి జంతువుల వయసును కూడా అంచనా వేస్తారు.

ఇదంతా సహజంగా జరిగేదే. అసలు ముప్పు పాచితో మొదలవుతుంది. తోమకుండా వదిలేసిన పాచి కొద్దిరోజుల్లోనే గారగా గట్టిపడుతుంది. చిగురు ఉబ్బి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. ఈ దశలో ఎముక చెక్కుచెదరదు. శుభ్రం చేయించుకుంటే చిగురు మళ్లీ మామూలైపోతుంది. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో వాపు లోపలికి దిగుతుంది. ఎముకను క్రిములు నేరుగా కొరికి తినేయవు. వాటితో పోరాడే క్రమంలో మన శరీరం విడుదల చేసే రసాయనాలే ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. పీచుతాళ్లు తెగుతాయి, గూడు లోతు తగ్గుతుంది. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు, అదే పెద్ద చిక్కు. పుచ్చుపన్ను రాత్రికి రాత్రి డాక్టర్ దగ్గరకు పరిగెత్తిస్తుంది, ఇది మాత్రం ఏళ్లు గడిచినా చప్పుడు చేయదు.

మామూలుగా ఎముక అంచు, ఎనామిల్ ముగిసేచోటుకు 1-2 మిల్లీమీటర్ల దిగువన ఉంటుంది. ఖనిజం కనీసం 30 శాతం పోతేగానీ తేడా ఎక్స్‌రేలో సరిగా కనిపించదు. అందుకే దంతవైద్యులు గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరంతో చిగురు సందు లోతు కొలుస్తారు. అది 3 మిల్లీమీటర్లు దాటితే జాగ్రత్త పడాల్సిందే. మధుమేహం అదుపులో లేనివారిలో, పొగతాగేవారిలో ఎముక మరింత వేగంగా కరుగుతుంది. పైగా పొగ వల్ల చిగురు నుంచి రక్తం తక్కువగా వస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. తీవ్రమైన చిగుళ్ల జబ్బు ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది.

'క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి' అన్న భయం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. ఎముక అప్పటికే కరిగిపోయి, పళ్లను గార పట్టి ఉంచినచోట శుభ్రం చేశాక సందులు బయటపడతాయి. నింద క్లీనింగ్ మీద పడుతుంది! గార, విషపదార్థాలు అంటుకున్న వేరును శుభ్రం చేయకపోతే చిగురు తిరిగి బిగుసుకోలేదు. అలాగని బొగ్గుతో, ఇటుక పొడితో ఇంట్లోనే రుద్దేయటమూ ప్రమాదమే. పంటి మెడ దగ్గర సిమెంటమ్ వెంట్రుక మందం కూడా ఉండదు. అది అరిగిందంటే చల్లటి నీళ్లు తగిలినా జివ్వుమంటుంది.

కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. పన్ను చుట్టూ గుంటలా పోయినచోట మాత్రం శస్త్రచికిత్సతో కొంత రాబట్టే వీలుంది. పన్ను తీసేయాల్సి వస్తే, అక్కడి ఎముక వెడల్పు తొలి ఏడాదిలోనే దాదాపు సగం తగ్గిపోవచ్చు. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. కట్టుడు పళ్ల సెట్టు కొన్నాళ్లకు వదులయ్యేది ఇందుకే. కాబట్టి ఆ ఖాళీలో ఏం పెట్టించుకోవాలన్నది పన్ను తీయించకముందే మాట్లాడుకోవాలి. ఎముకల గుల్లబారటానికి బిస్‌ఫాస్ఫోనేట్ మందులు వాడుతున్న పెద్దవాళ్లు ఆ సంగతి ముందే దంతవైద్యుడికి చెప్పాలి. ఈ మందులు వాడేవారిలో అరుదుగా పన్ను తీసిన గాయం మానకుండా దవడ ఎముక బయటపడే ప్రమాదముంది. భయపడి మందులు సొంతంగా ఆపేయటం మాత్రం తగదు.