బోర్డు కాదు... ముందు తీగ చూడండి!

తెల్లవారుజామున నాలుగు గంటలకే బేకరీలో పని మొదలవుతుంది. పొంగిన బ్రెడ్ పిండి ట్రేల్లో సిద్ధం. మాస్టర్ గ్యాస్ ఓవెన్ స్విచ్ వేస్తాడు. టక్... టక్... టక్... మంట అంటుకుంటుంది. నాలుగైదు సెకన్లు వెలుగుతుంది. టప్పున ఆరిపోతుంది. ప్యానెల్ మీద ఎర్రదీపం!

ఓవెన్ ఆగినా పిండి ఆగదు. పొంగుతూనే ఉంటుంది. సమయం దాటితే పులిసి, కుంగిపోతుంది. ఆ కంగారులో ఎక్కువగా వినిపించే తీర్పు ఒకటే... 'ఓనరు గారూ, బోర్డు పోయింది.' కొత్త బోర్డుకు వేలల్లో ఖర్చు. అది బిగించాక కూడా అదే ఎర్రదీపం వెలిగితే? చాలాచోట్ల జరిగేది అదే. ఎందుకంటే బోర్డు తనకు అందిన కబురును బట్టి ఆపేసింది. తేడా ఉన్నది కబురు మోసే తీగలో!

మంట వెలిగిందో లేదో బోర్డుకు ఎలా తెలుస్తుంది? బర్నర్ దగ్గర మంటలోకి చొచ్చుకొని ఒక సన్నటి లోహపు కడ్డీ ఉంటుంది. దానికి బోర్డు కరెంటు ఇస్తుంది. మంట గుండా కరెంటు పోతుందా అంటే, పోతుంది. కాకపోతే మహా స్వల్పంగా, కొద్ది మైక్రో ఆంపియర్లు మాత్రమే. మైక్రో ఆంపియర్ అంటే ఆంపియర్‌లో పది లక్షల వంతు. అదీ ప్రధానంగా ఒక దిక్కుకే. ఆ ఒంటిదారి కరెంటును చూసే 'ఇది మంటే' అని బోర్డు నమ్ముతుంది. అందకపోతే గ్యాస్ వాల్వు మూసేస్తుంది. దీన్నే లాకౌట్ అంటారు.

కడ్డీకి మసి పట్టినా, దాన్ని పట్టుకున్న పింగాణీ బిళ్ల చిట్లినా ఆ కాస్త కరెంటూ అందదు. అందుకే తెలిసిన మెకానిక్ మెయిన్ ఆపి, గ్యాస్ కట్టేసి, ముందు కడ్డీ తుడుస్తాడు. బోర్డు జోలికి ఆ తర్వాతే వెళతాడు.

ఇంకో చిత్రం ఉంది. కొన్ని ఓవెన్లు మామూలు కరెంటు మీద చక్కగా నడుస్తాయి. కరెంటు పోయి జనరేటర్ వేస్తే మాత్రం లాకౌట్! దెయ్యం పట్టిందనుకోవాల్సిందే. అసలు సంగతి ఎర్తింగ్‌లో ఉంటుంది. కడ్డీ నుంచి మంట గుండా బర్నర్‌కు చేరిన కరెంటు, ఎర్తు దారినే బోర్డుకు తిరిగి రావాలి. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్‌ను ఎర్తుతో కలిపి ఉండరు. దారి తెగిపోతుంది. మంట కళ్లెదుటే భగ్గున మండుతున్నా బోర్డుకు కనబడదు. ప్లగ్గులో ఫేజు, న్యూట్రల్ తారుమారైనా చాలా రకాల బోర్డులకు ఇదే అవస్థ. వీటికి కావాల్సింది కొత్త బోర్డు కాదు, వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్.

అసలు ప్రమాదం వేరే ఉంది. 'అన్నా, గిరాకీ టైము... డైరెక్ట్ చేసెయ్' అనే మాట! సెన్సర్‌ను తప్పించి వాల్వు తెరిచే ఏర్పాటు అన్నమాట. మంట అంటుకోకపోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఎల్పీజీ గాలికన్నా బరువు. పైకి తేలిపోదు, అడుగునే పేరుకుంటుంది. ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు. రీసెట్ బటన్‌ను అదేపనిగా నొక్కడం కూడా దీనికి చుట్టమే. కాసేపు ఆగి ఒకసారి నొక్కొచ్చు. మళ్లీ ఆగిపోతే గ్యాస్ కట్టేసి మెకానిక్‌ను పిలవాల్సిందే. ట్రేల్లో పిండి పోతే పోనివ్వండి.

కరెంటు ఓవెన్లలో గొడవ మరో రకం. హీటర్లను వేసి తీసే ఎలక్ట్రానిక్ రిలే చెడిపోయిందంటే, ఎక్కువసార్లు 'ఆన్'లోనే ఇరుక్కుపోతుంది. కంట్రోలర్ దీపం ఆరిపోతుంది, వేడి మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. ఇలాంటప్పటి కోసమే హద్దు దాటితే ఆపే థర్మోస్టాట్ వేరుగా పెడతారు. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్నీ తీసేసే మహానుభావులు ఉన్నారు!

మరి బిస్కెట్లు మాడితే తప్పు ఎవరిది? మాటలు పడేది మాస్టరే. కానీ ఒక్కోసారి దోషి థర్మోకపుల్ తీగ. రెండు వేర్వేరు లోహాల తీగల కొసలు కలిపి వేడిచేస్తే పుట్టే కొద్దిపాటి వోల్టేజీయే దీని ఆధారం. 1821లో సీబెక్ గమనించిన సంగతి ఇది. ఓవెన్లలో ఎక్కువగా వాడే 'కె' రకంలో 200 డిగ్రీల తేడాకు పుట్టేది దాదాపు 8 మిల్లీవోల్టులు. టార్చిలైటు సెల్లులో ఉండేది 1500! అంత సున్నితమైన తీగ తెగిందని మామూలు రాగి వైరుతో అతుకు వేస్తే ఏమవుతుంది? ఓవెన్ పక్కన అతుకు 70 డిగ్రీల వేడిలో, ప్యానెల్ 40లో ఉంటే ఆ 30 డిగ్రీలూ లెక్కలోంచి ఎగిరిపోతాయి. డిస్‌ప్లే 200 అంటుంది. లోపల 230 ఉంటుంది.

రంగులు ఇంకో మెలిక. మనకు ఎరుపంటే ప్లస్సు. అమెరికా పద్ధతిలో తయారైన థర్మోకపుల్ తీగల్లో ఎరుపే మైనస్సు. అటూఇటూ కలిపితే ఓవెన్ వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంది. 'ఇంకా చల్లగానే ఉంది' అనుకుని కంట్రోలర్ మరింత మండిస్తుంది!

సెన్సర్ నిజం చెబుతోందా లేదా తేల్చడానికి మెకానిక్‌లకు ఓ పాత చిట్కా ఉంది. థర్మోకపుల్ ఊడదీసి, దాని కొసను మరుగుతున్న నీళ్లలో ముంచి అంకె చూడటం. విశాఖలో దాదాపు 100 చూపించాలి. హైదరాబాద్‌లో 98 దగ్గరే ఆగితే కంగారుపడి సెన్సర్ మార్చక్కర్లేదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఊళ్లో నీళ్లు అక్కడే మరుగుతాయి.