వేలు లేని ప్రాణికి వేలిముద్ర

పత్రికలలో "డి.ఎన్.ఏ. వేలిముద్ర" అన్న మాట కనబడినప్పుడెల్లా నాలోని పాత తెలుగు పండితుడు కించిత్తు కలవరపడుతుంటాడు. వేలే లేని సూక్ష్మక్రిమికి వేలిముద్ర ఏమిటి? ఇది పదచర్చ మాత్రమే అయితే ఊరుకునేవాడిని. కాని ఆ మాట వెంట దొంగ, సాక్ష్యం, శిక్ష అన్న భావపరంపర కూడా వచ్చి పడుతుంది. పైరు తెగుళ్ల విషయంలో అది కీడు చేస్తుందని నా అభిప్రాయం. నా అనుభవం ఒకటి విన్నవిస్తాను.

1988 సార్వాలో కృష్ణా డెల్టాలోని మా చేను సాంబ మసూరి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఆ రకం అప్పటికే అందరి నోటా నానుతున్నది. పొట్ట దశలో ఆకుల కొసల నుండి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపుచార దిగి, పది దినాలలో చేను గడ్డిరంగుకు తిరిగింది. వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకరు ఆకును కోసి గాజుగ్లాసు నీటిలో నిలబెట్టగా, కోసిన చోటు నుండి పాలవంటి జిగురు సన్నని దారమై దిగింది. బ్యాక్టీరియా ఎండు తెగులు అన్నారు. పురుగుమందులకు లొంగేది కాదన్నారు.

మా చేనికి నీరు ఎగువ చేను బోదె మీదుగా రావలె. అక్కడ తెగులు వారం ముందే కనిపించింది. "ఏం బావా, నీ చేలో చీడ నా మడిలోకి తోలావా?" అని మా నాన్నగారు గట్టు మీద నిలబడి అడిగిన మాట ఇంకా నా చెవిలో ఉన్నది. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆ రెండు ఇళ్లకూ మాటలు లేవు. మా చెల్లెలి పెండ్లికి ఆయన రాలేదు. పిలుపు వెళ్లిందో లేదో నేనూ విచారించలేదు.

ఈ పరీక్ష నాడు మాకు అందుబాటులో ఉండి ఉంటే ఆ తగవు తేలేదేనా? చాలాకాలం తేలేదనే అనుకున్నాను. చదివిన కొద్దీ ఆ నమ్మకం సడలింది.

1984లో ఇంగ్లండులోని లెస్టరు విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ మనుష్యుల విషయంలో కనుగొన్న పద్ధతే దీనికి మూలం. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ దానిని మన దేశానికి తెచ్చారు. క్రిమిలో తీరు ఇది: దాని జన్యుపదార్థంలో కొన్ని ఖండికలు పలుచోట్ల మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎంజైములతో ఆ పదార్థాన్ని ముక్కలు చేసి, జిగురుపలక మీద విద్యుత్తుతో పరుగెత్తిస్తే పొట్టి ముక్కలు ముందుకు, పొడుగువి వెనుకకు నిలుస్తాయి. ఆ ఖండిక ఉన్న ముక్కలను మాత్రమే వెలికితీస్తే పట్టీల వరుస ఒకటి ఏర్పడుతుంది. రెండు క్రిముల వరుసలు సరిపోలితే అవి ఒకే వంశపువి.

1990లలో అదే సంస్థలో రమేశ్ సొంటి బృందం మన దేశపు ఎండు తెగులు క్రిములను ఈ విధంగా పరిశీలించింది. తేలిన విశేషం నన్ను ఆశ్చర్యపరచింది. ఒకదానికొకటి బహుదూరంలో ఉన్న ప్రాంతాలలో ఒకే వంశపు క్రిమి కనబడింది. అట్లయితే మా చేని క్రిమీ, ఎగువ చేని క్రిమీ సరిపోలినంత మాత్రాన బావగారు దోషి ఎట్లా అవుతారు? వందల మైళ్ల ఆవలి చేనితోనూ సరిపోలేదేమో! నారు కొసలు తుంచి నాటినప్పటి గాయాల నుండి ప్రవేశించిందో, గాలివానకు చింది వచ్చిందో, నీటి వెంట వచ్చిందో ఆ పట్టీలు చెప్పవు. ప్రవర విని ఫలానా ఋషుల సంతతి అని తెలుసుకోవచ్చు గాని, నిన్న రాత్రి ఆ మనిషి ఎవరి గడప దాటాడో తెలియదు కదా!

ఇటలీ ముచ్చట చూడండి. 2013లో అపూలియా ప్రాంతపు ఆలివ్ తోటలలో జైలెల్లా అన్న క్రిమి బయటపడింది. జన్యుపరీక్షలో దాని బంధుత్వం మధ్య అమెరికాలోని కోస్టా రికా క్రిమితో కుదిరింది. అలంకారపు మొక్కల దిగుమతి వెంట వచ్చి ఉంటుందని ఊహించారు. అయినా 2015లో లెచ్చే నగర ప్రాసిక్యూటర్లు రోగాన్ని పరిశోధించిన శాస్త్రజ్ఞుల మీదనే విచారణ మొదలుపెట్టారు. 2019లో గాని దానిని మూసివేయలేదు. తోటలు ఎండిపోతున్న రైతుకు ఎవరో ఒక దోషి కావాలి. మా నాన్నగారికీ అంతే.

మరి ఈ విద్య నిరర్థకమా? కానే కాదు. ఏ సీమలో ఏ వంశపు క్రిమి పెరుగుతున్నదో తెలిస్తే ఏ నిరోధక జన్యువు అక్కడ నిలుస్తుందో అంచనా కట్టవచ్చు. ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చిన ఎక్స్.ఎ.21 గొప్ప కాపలాదారే గాని, దానినీ దాటిపోయిన క్రిములున్నాయి. అందుకే రాజేంద్రనగర్ వరి పరిశోధకులు, సి.సి.ఎం.బి. వారు కలిసి మూడు జన్యువులను సంకర పద్ధతిలోనే చేర్చి 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని ఇచ్చారు. అదే బియ్యం, అదే రుచి. ఈ పరీక్షలు కొన్నేళ్లకొకసారి జరిపించి, ఫలితాన్ని నారుమళ్లకు ముందే రైతుకు తెలుగులో అందించవలెనని నా కోరిక. ఆంగ్ల పత్రికలలో పండితులు చదువుకుంటే మా ఊరి బోదె గట్టుకు ఏమి చేరుతుంది?

ఇక మాట సంగతి. వేలిముద్రకు బదులు "వంశముద్ర" అందామని నాకు తోచింది. "జన్యుముద్ర" అన్నవారూ ఉన్నారు, అదీ సరే. ఇంతకంటే తెలుగైన మాట తట్టిన విజ్ఞులు సెలవియ్యగలరు.