నంబరు పోతే మనిషి పోయినట్టే



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారులే అనుకున్నాను. నేను సెల్‌ఫోన్ గురించి రాస్తున్నాను. ఫోన్ పట్టుకుంటే చెడిపోతారని చెప్పడానికి కాదు. అది ఎలాగూ మన చేతిలోకి వచ్చేసింది. అందులో మన మనుషుల్ని ఎలా దాచుకోవాలో మాత్రం మనకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి పాసై హాస్టల్ వదిలే ప్రతి విద్యార్థికీ టీసీ చేతిలో పెట్టే ముందు ఇది నేర్పాలన్నది నా అభిప్రాయం.

నా సంగతే చెబుతాను. ఇంటర్‌లో ఉండగా మా నాన్న కూలి డబ్బులతో ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనిచ్చాడు. అమ్మిన షాపతనే ఏదో జీమెయిల్ తెరిచి, ఏదో పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చాడు. మా ఇంట్లో అంతకుముందు ఈ-మెయిల్ అన్న మాటే లేదు, అడగాలని కూడా నాకు తెలియలేదు. 2023లో డిగ్రీ అయ్యాక మా గదివాడు ఇంట్లో అప్పుల వల్ల పనికి వెళుతూ, "ఈ ఏడు నావల్ల కాదురా, వచ్చే ఏడు సీపీగెట్ నోటిఫికేషన్ పడగానే ఒక్క ఫోన్ కొట్టు, డబ్బులు సర్దుకుని వస్తా" అన్నాడు. ఆ వానాకాలంలో నా ఫోన్ తడిసి చచ్చిపోయింది. కొత్త ఫోన్‌లో పాత అకౌంట్ తెరవబోతే పాస్‌వర్డ్ తెలియదు, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పెట్టిన నంబరు షాపతనిది. అతని దగ్గరికి పోతే, "రోజుకు ఎంతమందికి చేసిస్తానో, నాకేం గుర్తుంటది" అన్నాడు. ఐదేళ్ల నంబర్లు పోయాయి. 2024లో సీపీగెట్ నోటిఫికేషన్ వచ్చింది, గడువు కూడా అయిపోయింది. మా గదివాడికి చెప్పలేకపోయాను.

కాబట్టి తమ్ముళ్లూ, అకౌంట్ మీ పేరుతో మీరే తెరవండి. పాస్‌వర్డ్ ట్రంకుపెట్టెలోని నోటుపుస్తకంలో రాసుకోండి. రికవరీ నంబరుగా అమ్మదో నాన్నదో పెట్టండి. కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు ఫోన్‌లోనా, సిమ్‌లోనా, గూగుల్ అకౌంట్‌లోనా అని పైన చిన్న అక్షరాలతో ఉంటుంది, మనం చూడకుండా నొక్కేస్తాం. ఫోన్‌లో ఉన్నది ఫోన్‌తోనే పోతుంది. అకౌంట్‌లో ఉన్నది సింక్ అయి, రేపు ఏ ఫోన్‌లో లాగిన్ అయినా వచ్చేస్తుంది. పొరపాటున చెరిపినా 30 రోజుల వరకు ట్రాష్‌లో ఉంటుంది. అయితే రెండేళ్లు వాడకుండా వదిలేసిన అకౌంట్‌ను గూగుల్ తీసేయవచ్చు, 2023 డిసెంబరు నుంచి ఆ పద్ధతి మొదలుపెట్టింది. నంబర్లకు ఫోటోలు కూడా పెట్టండి. మా అమ్మకు చదువు రాదు. తన ఫోన్‌లో మా అందరి ఫోటోలు పెట్టి ఇచ్చాక ఎవరినీ అడగకుండా తనే ఫోన్ చేస్తోంది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. మన ఫోన్‌లో ఉన్న నంబర్లు మనవి కావు, ఎదుటివాళ్లవి. 2020లో లోన్ యాప్‌ల గొడవ గుర్తుందా? రెండు మూడు వేల అప్పు కోసం కాంటాక్ట్స్‌కు అనుమతి ఇస్తే, కట్టడం ఆలస్యమైన రోజు ఆ లిస్టులో ఉన్న బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీశారు. మన రాష్ట్రంలోనే ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్ లిస్టు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో నిబంధన పెట్టింది. అయినా దొంగ యాప్‌లు నిబంధనలు చదువుకుని రావు కదా. నంబర్లతో పని లేని యాప్ నంబర్లు అడిగితే ఇవ్వకండి.

ఇక దారి సంగతి. స్కాలర్‌షిప్ పని మీద మొదటిసారి హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని సంక్షేమ భవన్‌కు వెళ్లిన రోజు ఎంజీబీఎస్‌లో దిగగానే నా డేటా అయిపోయింది. ఆటో అతను అడిగినంత ఇచ్చాను. హాస్టల్‌లో వైఫై ఉన్నప్పుడో, ఎవరైనా హాట్‌స్పాట్ ఇచ్చినప్పుడో గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చని తరువాత తెలిసింది. డేటా లేకపోయినా మనం ఎక్కడున్నామో చుక్క చూపిస్తుంది, బండి దారి చెబుతుంది. నడక దారి, బస్సు వివరాలు మాత్రం నెట్ ఉంటేనే. పరీక్ష సెంటరుకైతే ముందురోజే వెళ్లి చూసి రండి. ఒకే పేరుతో రెండు బ్రాంచీలున్న కాలేజీలు ఎన్నో. దగ్గర్లో మెస్, జిరాక్స్ అని వెతికితే దొరుకుతాయి గానీ, బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు మాత్రం అలా వెతికి ఫోన్ చేయకండి, అక్కడ దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నవాళ్లున్నారు. పాస్‌బుక్ మీద ఉన్న నంబరే చూడండి. అన్నిటికంటే ముందు చాయ్ బండి అతన్ని అడగండి, అడిగితే పోయేదేమీ లేదు.

అన్నట్టు, మొన్న మన హాస్టల్‌ను మ్యాప్‌లో వెతికాను. పక్కనున్న వైన్ షాపు ఉంది, మన హాస్టల్ లేదు. ఎవరి తప్పూ కాదు, ఇన్నేళ్లలో మనలో ఒక్కరమూ చేర్చలేదు. పేరు, చోటు, గేటు ఫోటో పెట్టి నేనే పంపాను.

వార్షికోత్సవం రోజు భోజనాలయ్యాక వంటగది అరుగు మీద కూర్చుంటాను. ఫోన్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, ఒక్కొక్కరికీ అకౌంట్ సరిచేసి ఇస్తాను. పూర్వ విద్యార్థులు తమ నంబరు ఆఫీసు రిజిస్టర్‌లో కూడా రాసి వెళ్లండి. మా గదివాడి చేతికి ఈ సంచిక ఎవరి ద్వారానైనా చేరితే ఒక మాట: సిమ్ అదేరా, నా నంబరు మారలేదు.