వదిలినవెన్ని? ఉన్నవెన్ని?

చెరువు గట్టున నిలబడి లోపల ఎన్ని చేపలున్నాయో చెప్పమంటే చెప్పగలరా? ఓ షరతు... నీళ్లు తోడకూడదు. వల వేసి మొత్తం లాగేయకూడదు. చేపలకు చీమంత హాని కూడా జరక్కూడదు. మన ఊళ్లో ఎవర్నడిగినా ‘గంగమ్మకే తెలియాలి’ అంటారు. కానీ అమెరికాలో ఈ లెక్క చెప్పడమే ఉద్యోగంగా బతికే ప్రభుత్వ శాస్త్రవేత్తలున్నారు. వాళ్ల లెక్క తప్పితే జనం డబ్బు నీళ్లపాలే!

సియాటిల్ పక్కనే సమామిష్ అని ఓ ఊరుంది. సాఫ్ట్‌వేర్ కొలువుల పుణ్యమా అని ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగానే ఉంటాయి. ఆ ఊళ్లోనే పైన్ లేక్. విస్తీర్ణం సుమారు 85 ఎకరాలు... మన కొలతలో ఓ మాదిరి ఊరచెరువు. కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో వెళ్లిన పెద్దవాళ్లు సాయంత్రం నడకకని అటువైపు వెళ్తే, గాలాలు పట్టుకుని కూర్చున్న జనం కనిపిస్తారు. ఎవర్ని కదిపినా ‘ట్రౌట్ కోసం’ అంటారు. ఇంత చిన్న చెరువులో ఇంతమంది పట్టుకుపోతుంటే చేపలు అయిపోవా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

అయిపోతాయి. అయిపోయాక లారీలో మళ్లీ వస్తాయి.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి చిన్న చెరువులు ఎన్నో. హేచరీల్లో రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచి, ఆక్సిజన్ ఎక్కించిన ట్యాంకర్లలో తెచ్చి, గొట్టం పెట్టి చెరువులోకి వదిలేస్తారు. చాలా చెరువుల్లో చేపలవేట సీజను ఏప్రిల్ నాలుగో శనివారం మొదలవుతుంది. ఆ రోజు తెల్లవారకముందే తండ్రులు పిల్లల్ని లేపుకుని గట్టుకు చేరతారు. పదిహేనేళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు. పెద్దలు మాత్రం కొనాల్సిందే. మామూలుగా మనిషికి రోజుకు అయిదు ట్రౌట్‌లు... అంతకుమించి ఇంటికి తీసుకెళ్లకూడదు.

ఏటా ఎందుకు వదలాలి, ఒకసారి వదిలితే అవే పిల్లల్ని పెట్టవా? పెట్టవు. రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పెట్టాలంటే పారే నీరు కావాలి, అడుగున గులకరాళ్లు కావాలి. ఆడచేప తోకతో రాళ్లను చెదరగొట్టి గుంట చేసి అందులో గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లోంచి చల్లని నీరు పారుతూ ఉంటేనే గుడ్డుకు ఊపిరి. నిలవ నీటిలో అడుగున బురదే కాబట్టి పెట్టినా బతకవు. మంచి వాగు వచ్చి కలవని చెరువులో ట్రౌట్ వంశం ఆ తరంతో సరి.

మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసుల కథా ఇంతే కదా! అవీ వరద నీటి ఏట్లో గుడ్లు పెట్టేవే, చెరువులో పెట్టవు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో వాటిచేత గుడ్లు పెట్టించేదాకా, చేపపిల్లల్ని నదుల్లోంచి ఏరి తెచ్చుకోవాల్సి వచ్చేది. అందుకే ఇప్పటికీ మన చెరువుల్లో ఏటా పిల్లల్ని వదలక తప్పదు. తేడా ఒకటే. మనం వదిలేది వలవేసి అమ్ముకోవడానికి. వాళ్లు వదిలేది సరదాకి.

ఆ సరదాకి డబ్బులు పెట్టేదీ గాలం వేసేవాళ్లే. లైసెన్సు రుసుము సరే, 1950లో అక్కడ ఓ చట్టం వచ్చింది. గాలపు కర్రలు, చక్రాల వంటి సరంజామా మీద తయారీదారు నుంచి పన్ను వసూలు చేసి, ఆ సొమ్మును చేపల పెంపకానికి రాష్ట్రాలకు పంచుతారు. గాలం కొన్న ప్రతివాడూ తెలియకుండానే చెరువులో చేపకు డబ్బు కడుతున్నాడన్నమాట. కట్టినవాడు ఊరుకుంటాడా? ‘ఎన్ని వదిలారు, నాకెందుకు పడలేదు’ అని నిలదీస్తాడు. అందుకే లెక్క కావాలి.

ముద్రవేసి వదిలేస్తే...

లెక్క కట్టే ఉపాయం నూరేళ్లకు పైబడినది. పీటర్సన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1890లలో సముద్రపు చేపలకు గుర్తులు కట్టి వదలడంతో ఇది చేపల శాస్త్రంలోకి వచ్చింది. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. చెరువులోంచి 300 చేపలు పట్టారనుకుందాం. ఒక్కోదానికి వీపు మీది చిన్న కొవ్వు రెక్క కత్తిరించి వదిలేస్తారు. దాంతో చేపకు పెద్దగా పనిలేదు. కొన్నాళ్లాగి మళ్లీ 200 పడతారు. వాటిలో 20 చేపలకు రెక్క లేదు. అంటే పట్టిన ప్రతి పదింటిలో ఒకటి గుర్తున్నది. చెరువులోనూ అదే నిష్పత్తి అనుకుంటే, మనం వదిలిన 300 మొత్తంలో పదోవంతు. కాబట్టి చెరువులో ఉన్నవి 3,000.

లెక్క ఇంతే! చిక్కంతా ఆ ‘అనుకుంటే’ దగ్గరే. రెక్క కత్తిరించిన చేపల్లో కొన్ని ఆ దెబ్బకు చనిపోవచ్చు. కొన్నిటికి రెక్క కొంత తిరిగి మొలిచి గుర్తుపట్టడం కష్టం కావచ్చు. ఒకసారి గాలానికి చిక్కి తప్పించుకున్న ట్రౌట్ రెండోసారి ఎర దగ్గరికి రావడానికి జంకుతుంది. ఏం జరిగినా రెండోసారి గుర్తున్న చేపలు తక్కువ పడతాయి. 20కి బదులు పదే పడ్డాయనుకోండి... చెరువులో 6,000 ఉన్నట్టు లెక్క తేలుతుంది. గమనించారా, మూడు పొరపాట్లూ ఒకవైపే లాగుతున్నాయి. ఉన్నవాటికన్నా ఎక్కువ ఉన్నాయని చెబుతాయి. వినడానికి తియ్యగా ఉండే అబద్ధం అందరికీ నచ్చుతుంది కాబట్టే నిజాయతీ ఉన్న శాస్త్రవేత్త ఈ లెక్కను ఒక్కసారితో నమ్మడు. గట్టున గాలం వేసేవాళ్ల బుట్టలూ చూస్తాడు. ఎన్ని గంటలు కూర్చున్నారు, ఎన్ని పడ్డాయి, ఎంత పొడవున్నాయి అని అడిగి రాసుకుంటాడు. దాన్ని గంటకు ఇన్ని చేపలని తేలుస్తాడు.

అక్కడా ఓ మాయ ఉంది. లారీ దిగిన కొత్తలో ట్రౌట్‌లు చెదరవు. దిగిన రేవు దగ్గరే గుంపుగా తిరుగుతాయి. హేచరీలో సిమెంటు తొట్టెల్లో గుళికల మేత తిని పెరిగినవి కాబట్టి, మెత్తటి పిండిముద్దలాంటి ఎర కనిపిస్తే మేతే అనుకుని మింగేస్తాయి. మొదటి శనివారం ఆరేళ్ల పిల్లాడికి కూడా అయిదూ పడతాయి. మూడు వారాలు గడిస్తే అనుభవమున్న ముసలాయన కూడా బోసి బుట్టతో ఇంటికెళ్తాడు. మిగిలిన చేపలు అప్పటికి లోతుకు వెళ్లి, పురుగులు తినడం నేర్చుకుని, మనుషుల్ని అర్థం చేసుకుని ఉంటాయి. కాబట్టి మొదటి రోజు బుట్టను చూసి చెరువు నిండా చేపలున్నాయనుకోవడం, పండగ రోజు బజారు చూసి ఊరంతా ధనవంతులే అనుకోవడంలాంటిది.

మరి వేసవిలో అసలే పడవెందుకు? ట్రౌట్‌ది చలువ ప్రాణం. నీరు పన్నెండు నుంచి పదహారు డిగ్రీలుంటే హాయిగా ఉంటుంది. ఇరవై దాటితే ఆయాసపడుతుంది. పాతికకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. జులై, ఆగస్టుల్లో చెరువు పైనీరు వేడెక్కుతుంది. చల్లని నీరు బరువు కాబట్టి అడుగున ఉండిపోతుంది. రెండూ కలవవు. అడుగున కుళ్లే ఆకులూ నాచూ అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తాయి. పైన వేడి, కింద ఊపిరాడదు... మధ్యలో సన్నని పొరలో ట్రౌట్‌లన్నీ ఇరుక్కుంటాయి. ఆ లోతు తెలిసినవాడి గాలానికే చేప. చలి మొదలై పైనీరు చల్లబడి చెరువంతా కలిసిపోయాక అవి మళ్లీ ఒడ్డుకొస్తాయి. పిల్లల్ని తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఏప్రిల్, మే... లేదంటే అక్టోబరు. ఆగస్టులో వెళ్తే పడవ షికారుతోనే సంతృప్తి పడాలి.

(మన చెరువులో ట్రౌట్ ఎందుకు బతకదో కూడా దీంతో తేలిపోయింది. బ్రిటిష్ వాళ్లకు ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా దీన్ని తెచ్చి మన దేశంలో వదిలారు. 1900లో కశ్మీర్‌లో బ్రౌన్ ట్రౌట్ నిలదొక్కుకుంది. తర్వాత కొన్నేళ్లకే మద్రాసు ప్రభుత్వ చేపల నిపుణుడు హెచ్.సి.విల్సన్ నీలగిరుల్లో రెయిన్‌బోను పెంచాడు. ఊటీ దగ్గర అవలాంచిలో హేచరీ అలా పుట్టిందే. ఇద్దరూ కొండలే వెతుక్కున్నారు.)

ఎక్కువ వదిలితే ఎక్కువ పడతాయా?

ఈ ప్రశ్నకు చాలామంది ‘అవును’ అంటారు. వేట సంఘాల ఒత్తిడీ అటే ఉంటుంది. కానీ చెరువులో మేత ఇంతే అని ప్రకృతి ఎప్పుడో కొలిచి పెట్టింది. పది చేపలు తినే మేత నలభై పంచుకుంటే నలభైయ్యీ బక్కచిక్కుతాయి. తల పెద్దగా, ఒళ్లు సన్నగా తయారైన ట్రౌట్‌ను చూస్తే చాలు, చెరువు కిక్కిరిసిందని తెలిసినవాళ్లు చెప్పేస్తారు. అందుకే శాస్త్రవేత్తలు పొడవుతోపాటు బరువూ చూస్తారు. అదే పొడవున్న చేప ఏటికేడు తేలికవుతుంటే, వదిలే సంఖ్య తగ్గించమని రాస్తారు. ఆ మాట గాలంరాయుళ్లకు రుచించదు.

వదిలే చేప సైజు ఇంకో ప్రశ్న. వేలెడు పిల్లల్ని వదిలితే ఖర్చు తక్కువ, సంఖ్య ఘనంగా కనిపిస్తుంది. కానీ చెరువులో బాస్, పెర్చ్ లాంటి చేపలుంటే వాటికి అది విందు భోజనం. నీటికాకుల వాటా వేరే. పది, పన్నెండు అంగుళాలకు పెంచి వదిలితే చాలావరకు గాలానికే చిక్కుతాయి, కాకపోతే మేత ఖర్చు తడిసి మోపెడు. ఈ బాధ పడలేక 1940ల నుంచి వాషింగ్టన్‌లో చెరువుల్ని ‘కడిగేయడం’ మొదలుపెట్టారు. చిక్కుడు జాతికి చెందిన ఓ తీగ వేళ్లలో దొరికే రోటెనోన్ అనే మందు కలిపితే ఒంట్లోని కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేక చేపలు చస్తాయి. అప్పుడు ఖాళీ చెరువులో ట్రౌట్ పిల్లల్ని వదిలేవారు. మన ఏజెన్సీ వాగుల్లో చెట్ల మందుతో చేపలు పట్టే పద్ధతి లాంటిదే, కాకపోతే అక్కడ చచ్చినవాటిని తినడం లక్ష్యం కాదు.

సంఖ్యకూ సైజుకూ మధ్య ఈ పేచీ మనకూ కొత్త కాదు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది. 35-40 మిల్లీమీటర్ల పిల్లలు ఒక రకం, 80-100 మిల్లీమీటర్లవి మరో రకం. పత్రికల్లో వచ్చేది మాత్రం ‘ఇన్ని కోట్ల పిల్లలు’ అనే. కొరమీను, వాలుగ ఉన్న చెరువులో అంగుళంన్నర పిల్ల ఎన్నాళ్లుంటుందో మత్స్యకారుల్ని అడగండి. నన్నడిగితే, వదిలిన రోజు ఫొటోకన్నా ఆర్నెల్ల తర్వాత వలలో పడ్డ చేపల బరువే వార్త కావాలి.

అసలు ట్రౌట్ వదలకూడని చెరువులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల మీద వేల కొలనులు. వాటిలో చాలావాటికి చేప అంటే ఏంటో తెలియదు. 19వ శతాబ్దం నుంచి కంచరగాడిదల మీద, 20వ శతాబ్దం మధ్య నుంచి విమానాల్లోంచి అక్కడ ట్రౌట్‌లు వదిలారు. పసుపుకాళ్ల కప్పలు వాటికి ఆహారమైపోయాయి. ఆ కప్ప పిల్ల తోక ఊడి ఒడ్డెక్కడానికి రెండేళ్లకు పైగా నీటిలోనే ఉండాలి. ఎండిపోయే కుంటలు దానికి పనికిరావు. ఉన్న లోతు కొలనుల్లోనేమో ట్రౌట్! దానికి తోడు ఓ శిలీంధ్ర వ్యాధి. చివరికి 2014లో దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. మంచి వార్త ఏంటంటే, వలలు వేసి ట్రౌట్‌ను పూర్తిగా తీసేసిన కొలనుల్లో కొన్నేళ్లకే కప్పలు తిరిగి పుంజుకున్నాయి. ఊరి మధ్య పైన్ లేక్ లాంటి చోట గాలం సరదాకి అభ్యంతరం లేదు. కొండల మీది కొలనుల్లో ఆ సరదా ఖరీదు వేరు.

ఈసారి సియాటిల్ వెళ్లి మనవడితో గాలం వేయిస్తే, పడ్డ ట్రౌట్‌ను బుట్టలో వేసేముందు ఓసారి తిప్పి చూడండి. వీపు మీది పెద్ద రెక్క, పక్క రెక్కలు అరిగి మొద్దుబారి ఉంటే అది సిమెంటు తొట్టె నుంచి ఈమధ్యే దిగింది. రెక్కలు నిండుగా, అంచులు పదునుగా ఉండి, కోసినప్పుడు కండ ఎర్రగా ఉంటే ఆ చేప చాలాకాలం చెరువులోనే బతికింది. ఆ ఎరుపు నీటిలోని చిన్నచిన్న రొయ్యజాతి పురుగుల్ని తిన్నందుకు వచ్చింది. అలాంటిది పదిహేను అంగుళాలు దాటి ఉంటే, గత ఏడాది గాలాలన్నిటినీ తప్పించుకుని, ఆగస్టు వేడికి, నీటికాకులకు, చలికాలానికి తట్టుకుని మిగిలిన చేప అయ్యుండవచ్చు. గట్టున ఉన్న శాస్త్రవేత్త పొడవు కొలిచి రాసుకోవడానికి ముందుగా పరుగెత్తుకొచ్చేది దాని దగ్గరికే.