ఇంట్లో దాచే కిడ్నీ జబ్బు

ఇంట్లో పెద్దాయనకు పక్షవాతం వస్తే తలకు స్కానింగ్ తీయిస్తాం, బీపీ, షుగరు చూపిస్తాం. అప్పుడు డాక్టరు "మీ కుటుంబంలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా?" అని అడిగితే, మంచం పక్కనున్న కొడుకు తెల్లమొహం వేస్తాడు. తలకు వచ్చినదానికి కిడ్నీల ఊసెందుకని అతని సందేహం.

ఎందుకంటే రెండింటికీ ప్రాణం సన్నటి రక్తనాళాల్లోనే ఉంది. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. మెదడుకూ క్షణం తెరిపి లేకుండా రక్తం అందాలి. ఏళ్ల తరబడి బీపీ అదుపు తప్పితే రెండుచోట్లా నాళాల గోడలు పాడవుతాయి. ఫలితం కిడ్నీలో అయితే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం. మెదడులో అయితే నాళం పూడుకుపోవడమో, చిట్లడమో.

ఇందులో వంశానికీ వాటా ఉంది. లక్షల మంది జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలకు, మూత్రంలో ఆల్బుమిన్ పెంచే జన్యు తేడాలకూ పక్షవాతం ముప్పుకూ లంకె కనిపించింది. బీపీని పెంచే జన్యువులైతే రెండు అవయవాలకూ చేటే. అయితే ఈ తేడాలు ఒక్కొక్కటిగా తెచ్చే ముప్పు చాలా స్వల్పం. కాబట్టి ఉమ్మి నమూనా పంపితే భవిష్యత్తు చెబుతామనే వాళ్లకు వేలకు వేలు పోయడం, నా లెక్కన, దండగ.

ఒకే జన్యువు గట్టిగా దెబ్బకొట్టే కుటుంబాలు మాత్రం వేరు. కిడ్నీల నిండా నీటితిత్తులు పెరిగే పాలిసిస్టిక్ జబ్బునే చూడండి. 16వ క్రోమోజోమ్‌లోని పీకేడీ1, 4వ క్రోమోజోమ్‌లోని పీకేడీ2 జన్యువుల్లో లోపమే చాలామందిలో దీనికి మూలం. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. ఈ రోగుల్లో దాదాపు పది మందిలో ఒకరికి మెదడు రక్తనాళంపై బుడగలాంటి ఉబ్బు ఉంటుంది. మామూలు జనంలో అది 2, 3 శాతమే. ఉబ్బు పగిలితే ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తుంది, ప్రాణాలకే ముప్పు. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే, ఈ రోగులకు మెదడు నాళాల ఎంఆర్ స్కాన్ చేయించమని డాక్టర్లు చెబుతారు.

కానీ ఆ సంగతి డాక్టరుకు చెప్పేదెవరు? సంబంధాలు చూసే రోజుల్లో డయాలసిస్‌కు వెళ్లే మేనమామ "ఊళ్లో లేడు". నాయనమ్మ ఎలా పోయిందంటే "తలనొప్పి అంది, పడిపోయింది" అనేసి మాట మారుస్తారు. జాతకాలు చేతికిచ్చేవాళ్లం రిపోర్టులు బీరువాలో పెట్టి తాళం వేస్తాం. పెళ్లి కుదరడం కోసం దాచింది, రేపు పుట్టే పిల్లలకు తెలియాల్సిన విషయమని తట్టదు.

బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి కూడా చూపించుకోవాలి. క్రియాటినిన్ బాగానే ఉన్నా ఆల్బుమిన్ పోతూ ఉండవచ్చు. ఆ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే ఊరుకోవద్దు, డాక్టరును కలవండి. బీపీ మాత్ర మానేయకండి, ఉప్పు తగ్గించండి. మీ ఇంట్లో ఎవరికి కిడ్నీ జబ్బు వచ్చిందో, ఎవరు పక్షవాతంతో పోయారో ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికివ్వండి. వాళ్లకు మీరు ఇవ్వాల్సిన ఆస్తిపత్రాల్లో అదీ ఒకటి.