సూర్యలంక తీరాన జలక్రీడల శిక్షణాలయం ఎలా ఉండాలి?

సముద్ర స్ఫూర్తితో కట్టిన భవనం అనగానే కెరటంలా వంగిన కప్పు, తెరచాపలా లేచిన గోడ కళ్లముందు మెదులుతాయి. 1973లో ప్రారంభమైన సిడ్నీ ఒపేరా హౌస్ తర్వాత ఈ మోజు ప్రపంచమంతా పాకింది. బాపట్ల, చీరాల తీరంలో జలక్రీడల శిక్షణాలయం వెలిస్తే దానికీ అలాంటి బొమ్మే గీసే ప్రమాదం ఉంది.

శిక్షణాలయం అవసరం మాత్రం నిజంగానే ఉంది. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ కొత్త ప్రాంగణం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. జలక్రీడలతో పాటు నీటిలో ప్రాణరక్షణనూ సామాన్యులకు, సాయుధ దళాలకు నేర్పేందుకు 28 కోర్సులు తలపెట్టారు. అలాంటి శిక్షణ ఇక్కడా కావాలి. బాపట్ల దగ్గరి సూర్యలంకకు, చీరాల దగ్గరి వాడరేవుకు ఆదివారాల్లో, కార్తీక పౌర్ణమికి పత్తి, మిర్చి పండించే పల్లెల నుంచి వేలమంది వస్తారు. చెరువులో ఈత వచ్చినవారు కూడా సముద్రపు లాగుడు తెలియక మునిగిపోతున్నారు. వారిని ఒడ్డుకు చేర్చేది ఎక్కువగా మత్స్యకార యువకులే. శిక్షకులుగా మొదటి హక్కు వారిదే.

అయితే ఇది తుపానుల తీరం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1990 మే తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ ఆ సంగతి పదేపదే గుర్తుచేశాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇక్కడి భవనాలకు లెక్కలోకి తీసుకునే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను ఆశ్రయంగా నిలవాల్సిన కట్టడానికి దాన్ని 1.3తో హెచ్చించాలి. వేగం అంతే పెరిగినా ఒత్తిడి దాదాపు 70 శాతం పెరుగుతుంది. బయటికి పొడుచుకొచ్చిన కెరటపు కప్పును అలాంటి గాలి కిందినుంచి ఎత్తి పెకలిస్తుంది.

కోస్తా పల్లెల చుట్టిళ్లకు ఈ లెక్క ఏనాడో తెలుసు. గుండ్రటి మట్టి గోడ, దానిమీద నేలను తాకేంతగా దిగిన తాటాకు కప్పు. గాలి బలంగా గుద్దడానికి చదునైన గోడ ఉండదు, పట్టి లేపడానికి చూరు అందదు. సముద్రం స్వయంగా దిద్దిన రూపం అదే. శిక్షణాలయానికి ఎత్తు తక్కువగా, గుండ్రంగానో ఎనిమిది పలకలుగానో ఉన్న గదులు, అన్ని వైపులా వాలే కప్పు సరిపోతాయి. ఉప్పెన నీరు కిందుగా సాగిపోయేలా వసతి గృహాన్ని స్తంభాల మీద లేపితే, తుపాను రోజున చుట్టుపక్కల పల్లెలకు అదే ఆశ్రయం అవుతుంది.

గాలికన్నా నెమ్మదైన శత్రువు ఉప్పు. కాంక్రీటులోకి చేరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. అందుకే తీరంలో కనీసం ఎం30 కాంక్రీటు, ఊచలపై 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పొర ఉండాలంటాయి ప్రమాణాలు. కెరటాల తుంపర పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఇనుము తక్కువ వాడటం ఇంకా మేలు. గచ్చుకు ఇనుము అక్కర్లేని మాచర్ల రాతి బండలు వాడవచ్చు.

తాగునీటికీ ఉప్పే సమస్య. ఇక్కడి ఇసుకలో ఉప్పునీటి మీద మంచినీరు పలుచని పొరగా తేలుతుంది. లోతు బోరు వేస్తే ఉప్పు పైకి వస్తుంది. ఆ పొరను మాత్రమే తోడుకునే దొరువు పద్ధతిని రైతులు ఎప్పటినుంచో వాడుతున్నారు. బాపట్ల పరిశోధకులు దాన్ని మెరుగుపరిచారు. ప్రాంగణానికీ అదే దారి.

జనసాంద్రత తక్కువున్న గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలకు తీర నియంత్రణ నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. దాన్ని అడ్డంకిగా చూడకూడదు. ఒడ్డున పడవల పాకలు విప్పి తీసేసేలా ఉంటే చాలు. బరువైన భవనాలు సరుగుడు తోటల వెనక ఉండాలి, ఇసుక దిబ్బలను చదును చేయకూడదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో సముద్రం వైపు దీపాలు వెలగకూడదు. కొత్తగా చేరినవారికి తొలి పాఠాలు కెరటాల్లో కాకుండా, పెదగంజాం దగ్గర మొదలయ్యే బకింగ్‌హామ్ కాలువలాంటి నిలకడ నీటిలో చెప్పవచ్చు, పూడిక తీస్తే.

నిర్మాణ అంచనాలోనే మరమ్మతుల ఖర్చునూ చేర్చాలి. ఏటా అక్టోబరు తుపానుల కాలానికి ముందే కప్పు బిగింపులు, తలుపుల బందులు, తుప్పు పట్టిన ఊచలు చూసే బాధ్యత ఒక ఉద్యోగికి పేరు రాసి అప్పగించాలి.